కంప్యూటరుకు కప్పిన శాలువా

ఆదోని దగ్గర ఒక మఠంలో ఉమాపతి అనే శిష్యుడు ఉండేవాడు. గురువు చెన్నబసవ స్వామి చెప్పిన మాటలన్నీ కంప్యూటరులో ఎక్కించడం అతని పని. జాతరనాటికి అవి పుస్తకంగా రావాలి. శుక్రవారం లోపల అచ్చాఫీసుకు పంపకపోతే రావు. ఇంకా నలభై పేజీలు ఉన్నాయనగా కంప్యూటరు మొండికేసింది.

అరగంట నడిచేది. ఉన్నట్టుండి ఆరిపోయేది. సేవ్ చేయని పేజీ కాస్తా పోయేది.

ఉమాపతికి ఆ పనిలో పేరుంది. ఆ ఏడాదే ఊరి పెద్దలు సభకు పిలిచి మందపాటి శాలువా కప్పారు. భుజాన వేసుకు తిరిగితే గర్వం అంటారని అతను దాన్ని సీపీయూ పెట్టెకు కప్పాడు. దుమ్ము పడకుండా అని చెప్పేవాడు. వచ్చినవాళ్ళు జరీ అంచు చూసి ఎవరిచ్చారని అడిగితే మాత్రం సభ సంగతి మొదటినుంచీ చెప్పేవాడు.

తీగలన్నీ విప్పి బిగించాడు. ప్లగ్గు మార్చాడు. శాలువా మడతపెట్టి గదిలో ఉంచి, పెట్టెను పట్నంలో రిపేరు షాపుకు మోసుకెళ్ళాడు. అక్కడ పొద్దుగూకేదాకా ఆగకుండా నడిచింది. పెట్టెలో లోపం లేదు, మీ కరెంటు చూసుకోండి అన్నాడు మెకానిక్. ఉమాపతి దాన్ని తెచ్చి, శాలువా కప్పి, మీట నొక్కాడు. అరగంటకు ఆరిపోయింది.

అప్పుడే వంటింట్లో గ్రైండరు చప్పుడు వినిపించింది. దొంగ దొరికిందనుకున్నాడు. తాను టైపు చేసినంతసేపూ గ్రైండరు వేయవద్దని వంట చేసే ఈరమ్మవ్వకు గట్టిగా చెప్పాడు. మూడు రోజులు పంక్తిలో అరవైమంది పచ్చడి లేకుండా తిన్నారు. కంప్యూటరు ఆరిపోతూనే ఉంది.

"నా గ్రైండరు నోరు మూయించావు. నీ పెట్టె నోరు తెరిచిందా నాయనా?" అని అవ్వ అడిగింది.

పంక్తి అంతా నవ్వింది. ఉమాపతి నవ్వలేదు. తప్పు తన గదిలోనే ఉందని ఒప్పుకోవడం మనిషికి కష్టం.

బుధవారం మధ్యాహ్నం స్వామి అతని గదికి వచ్చారు. కంప్యూటరు అప్పుడే ఆరిపోయి ఉంది. ఉమాపతి కరెంటు గురించి, తీగల గురించి, గ్రైండరు గురించి చాలాసేపు చెప్పాడు. స్వామి వింటూ శాలువా మీద చెయ్యి పెట్టారు. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

తర్వాత ఆ శాలువా ఎత్తి ఉమాపతికి మెడనుంచి మోకాళ్ళదాకా చుట్టి, కొసలు బిగించారు.

"రాతప్రతి తీసి మొదటినుంచి చదువు. వింటాను."

అది ఎండాకాలం. రేకుల గది. రెండో పేజీకి చెమట కళ్ళలోకి కారింది. నాలుగో పేజీకి చదవడం ఆపేశాడు.

"స్వామీ, శాలువా తీయనా?"

"ఎందుకు తీయడం? సన్మానం కదా."

ఉమాపతి పెట్టెవైపు చూశాడు. దాని వెనక, ఇన్నాళ్ళూ జరీ అంచు వేలాడినచోట, గాలి పోయే చిల్లులు కనిపించాయి. తల వంచి నవ్వేశాడు. స్వామి కూడా నవ్వారు.

అతను శాలువా విప్పి చేత పట్టుకుని మొదట వంటింటికి వెళ్ళాడు. అక్కడ ఏమన్నాడో తెలియదు కాని గ్రైండరు మోగింది. ఆ తర్వాత వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. అటు గ్రైండరు నడుస్తోంది, ఇటు కంప్యూటరు నడుస్తోంది. గురువారం పొద్దుగూకకముందే ఆఖరి పేజీ అయింది.

శుక్రవారం పంక్తిలో ఉమాపతి తానే రుబ్బిన వేరుశనగ పచ్చడి వడ్డించాడు. అతని వెనకే ఈరమ్మవ్వ, కట్టెల పొయ్యి మీదనుంచి దించిన అన్నం గుండిగ పట్టుకుని వచ్చింది. చేతులు కాలకుండా శాలువాను నాలుగు మడతలు వేసి పట్టుకుంది. జరీ అంచు నిండా మసి.

స్వామి దాన్ని చూశారు. పచ్చడి నోట్లో పెట్టుకున్నారు.

"ఉమాపతీ, నీకు సన్మానం ఇవాళ జరిగిందయ్యా. ఇంకొంచెం వెయ్యి."