నడిచే పొద

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక వాగు, ఆ వాగు ఒడ్డున ఒక దుప్పుల మంద. ఆ మందకు పెద్ద చారమ్మ. ముసలిదైపోయింది గానీ మెడ వంచేది కాదు. ఆమె సరేనంటే తప్ప ఒక్క దుప్పి గడ్డి కొరికేది కాదు.

చారమ్మ పెట్టిన కట్టడి ఒకటుంది. మంద వాగు వెంటే నడవాలి. ఎడమన నీళ్ళు, కుడిన అడవి. తిరిగొచ్చేటప్పుడు వాగు దాటి అవతలి ఒడ్డున రావాలి, అప్పుడూ ఎడమనే నీళ్ళు. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగినా ఆమెకు తెలియదు. చిన్ననాటి నుంచీ అలా నడిస్తేనే ఆమె ప్రాణం కుదుటగా ఉండేది, అంతే.

చారమ్మ పెంచుతున్న మనవరాలు తునికి. ఆ పిల్ల తండ్రి మద్ది పోయాడు. తల్లి వేరే మందతో వెళ్ళిపోయింది.

ఆ ఏడు వానలు పడలేదు. వాగు ఎండి తెల్లటి ఇసుక మిగిలింది. మధ్య మధ్యలో ఎండిన పొదలు. మంద మాత్రం ఎప్పటిలాగే నడిచింది, ఎడమన ఇసుక, కుడిన అడవి.

ఒకనాటి మిట్టమధ్యాహ్నం. ఒక్క ఆకు కదలడం లేదు. తునికి నాయనమ్మ పక్కకు చేరి మెల్లగా అంది.

"నాయనమ్మా, వాగులో ఒక పొద మనతో పాటు నడుస్తోంది."

చారమ్మ ఎడమకు చూసింది. ఇసుక మీద ఎండ వణుకుతోంది. ఒక పొద ఉంది. నిలబడే ఉంది.

"పొదలు నడవవు. నోరు మూసుకుని నడు."

రెండో రోజు అదే వేళ. తునికి మళ్ళీ చెప్పింది. ఇవాళ ఇంకా దగ్గరకొచ్చిందట. మనం ఆగితే ఆగుతోందట, కదిలితే కదులుతోందట.

చారమ్మ నడక ఆపేసింది. ఈ మాట ఆమె ఇదివరకే విన్నది. వాగు ఎండిన మరో వేసవిలో ఆమె కొడుకు మద్ది కూడా ఇలాగే చెప్పాడు. వాడికీ ఆమె ఇదే జవాబు చెప్పింది. మూడో రోజు వాడు లేడు. ఇసుక మీద ఏదో ఈడ్చుకుపోయిన జాడ ఉంది.

అయినా పొద నడుస్తుందంటే మనసు ఒప్పుకోలేదు, పిల్ల చూపు ఎలా ఉందో చూద్దామనుకుంది. తునికిని బండ మీద నిలబెట్టి, దూరాన ఉన్న మారేడు చెట్టు కాయలు లెక్కపెట్టమంది. మందలో పిల్లల చూపు చూసే పద్ధతి అదే. తునికి పదకొండు అంది. పదకొండే ఉన్నాయి. ఏ కాయకు పుచ్చుందో కూడా చెప్పింది.

"మా వంశం కళ్ళు," అంది చారమ్మ అందరికీ వినబడేలా.

పై కొమ్మ మీద ఎవరో నవ్వారు. ఊసరయ్య. ఊసరవెల్లి ఊసరయ్య. మద్ది పసివాడిగా ఉన్నప్పుడే ఇతను వచ్చి, వీడి ఒక కన్ను రెండో కన్నులా లేదని చెప్పాడు. చారమ్మ కొమ్మను కాలితో కొట్టి అతన్ని కింద పడేసింది. మద్ది పోయాక, ఆ పాడు నోటి వల్లే పోయాడంది. ఆనాటి నుంచి ఆ చెట్టు వైపు తల తిప్పలేదు.

ఊసరయ్య కన్ను ఒకటి ఆమెను చూస్తోంది. రెండోది వాగును చూస్తోంది.

"చారమ్మా, పిల్ల లెక్కపెట్టింది కుడి కంటితో. ఎడమ కన్ను ఊరికే తెరుచుకుని ఉంది. లోపల ఎవరూ లేరు."

"రంగులు మార్చేవాడికి చూపు గురించి ఏం తెలుసు," అని ఆమె మందను తోలుకుపోయింది.

కానీ ఆ మాట ముల్లులా దిగబడింది. మూడో రోజు మధ్యాహ్నం ఆమె ఒడ్డున ఆగింది. ఊసరయ్యది అబద్ధమని ముందు తనకు తాను తేల్చుకోవాలనుకుంది. కుడి కంటిని టేకు ఆకుకు ఆనించి, ఎడమ కంటితోనే వాగును చూసింది.

ఇసుక పాలలా అలుక్కుపోయింది. పది అడుగుల దూరంలో ఒక పొద.

ఆమె తల తిప్పి కుడి కంటితో చూసింది.

పొద ఉన్నచోట చిరుత ఉంది. పొట్ట ఇసుకకు ఆనించి కూర్చుంది. అది చారమ్మను చూడటం లేదు. తునికి ఎడమ పక్కను చూస్తోంది.

చారమ్మ అరుపుకు మంద అడవిలోకి దూకింది. తునికికి ఎటు పరుగెత్తాలో తెలియలేదు. చారమ్మ భుజంతో ఆ పిల్లను గట్టెక్కించింది. చిరుత గోరు ఆమె తొడను గీరి జారిపోయింది.

చిరుత వెంటపడలేదు. పంజా నాక్కుంటూ తీరిగ్గా మాట్లాడింది.

"నీ కొడుకు కూడా ఇటే చూశాడు చారమ్మా. చివరిదాకా నన్నే చూస్తూ ఉన్నాడు."

ఆ సాయంత్రం చారమ్మ కుంటుతూ ఊసరయ్య చెట్టు కిందకు వెళ్ళింది. తల ఎత్తడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

"ఇవాళ కొమ్మ కొట్టవా?" అన్నాడు ఊసరయ్య.

"కొట్టను. పిల్లను చూడు."

ఊసరయ్య తునికి ఎడమ కంటికి ఆకు కప్పాడు. ఆ పిల్ల ఊరుకుంది. కుడి కంటికి కప్పాడు. తీసెయ్యమని కాళ్ళు కొట్టుకుని ఏడ్చింది.

"చూశావా? ఏ కన్ను మూస్తే ఏడ్చిందో దానితోనే బతుకుతోంది. రెండు కళ్ళకూ ఒకే బలం లేదు. ఎడమది పంపే బొమ్మ మసక. తల ఆ బొమ్మను పక్కన పెట్టేసింది. వినేవాళ్ళు లేక ఆ కన్ను మాట్లాడటం మానేస్తోంది. బాగున్న కన్ను పని నడిపిస్తుంది గనుక పిల్ల చెప్పదు, మనకు తెలియదు. పైగా ఇది రక్తంలో వస్తుంది. మీ వంశం కళ్ళు అన్నావుగా."

చారమ్మ కోపం మింగింది. నయమవుతుందా అని మాత్రం అడిగింది.

"దీని వయసు చిన్నది, లేపొచ్చు. ఎదిగేకొద్దీ కష్టం. నీ ఎడమ కన్ను లేచే కాలం ఎప్పుడో దాటిపోయింది. అందుకేగా ఎప్పుడూ ఆ వైపు నీళ్ళుంచుకుని నడుస్తావు."

వాగు అరగదీసిన పలుగురాయి బిళ్ళ ఒకటి, నీళ్ళంత తేటగా, అందులోంచి చూస్తే మసక తగ్గేలా ఉన్నది, ఊసరయ్య వెతికిచ్చాడు. దాన్ని తీగతో తునికి ఎడమ కంటి ముందు కట్టారు. రోజూ కొంతసేపు కుడి కంటికి తుమ్మబంకతో ఆకు అంటించారు. తునికి తడబడింది, రాళ్ళకు తట్టుకుంది. తోటి పిల్లలు ఆకుకన్నుదని ఏడిపించారు. దొంగతనంగా ఆకు పీకేసేది. చారమ్మ మళ్ళీ అంటించేది. ఒక్క రోజు కూడా వదల్లేదు.

వానలొచ్చి వెళ్ళాయి. మళ్ళీ ఎండలు. మళ్ళీ తెల్లటి ఇసుక. మధ్యాహ్నం కుడి కంటికి ఆకుతో నడుస్తున్న తునికి ఉన్నట్టుండి ఆగింది.

"నాయనమ్మా, ఆ పొదకు మీసాలున్నాయి."

చారమ్మ ఎడమకు చూసింది. ఆమె కంటికి అది పొదే.

"పరుగెత్తండి. నా మాట కాదు, పిల్ల మాట," అంది. మంద అంతా తునికి వెనకాల పరుగెత్తింది.

నీతి: పిల్లల చూపు రెండు కళ్ళూ తెరిపించి చూసి బాగుందని మురిసిపోకండి, ఒక్కో కన్నూ మూసి విడివిడిగా చూపించండి, అదీ పసితనంలోనే, పౌరుషాలు పక్కన పెట్టి.