తెర వెనక గంగాబాయి

ఎవరైనా ప్రశ్న అడిగితే తోలుబొమ్మల గురువు వెంకోబయ్య జవాబు చెప్పేవాడు కాడు, ఏదో ఒక పని పురమాయించేవాడు. పని పూర్తయ్యేసరికి అడిగినవాడికి తన ప్రశ్న మీదే అనుమానం వచ్చేది. అది మంచి పద్ధతో కాదో నేను చెప్పలేను గాని, ఆయన ఇంట్లో పనులు మాత్రం చకచకా జరిగిపోయేవి.

ఆయనది ధర్మవరం పక్కన చిన్న ఊరు. శిష్యుడు తిప్పన్నకు ముప్పై ఏళ్లు, ముక్కుమీద కోపం. ఒకనాడు అతను అడిగాడు: “గురువా, జావా దేశమోళ్లు మన ఆటను ఫోన్లో చూస్తామంటాండారు. సముద్రం అవతల కూచోని అరచేతిలో చూస్తే అది ఆటవుతాదా?”

“అక్కను పిల్చుకోని రా. తెర కట్టు,” అన్నాడు గురువు.

అక్క అంటే గురువుకు తోడబుట్టిన గంగాబాయి. యాభై ఏళ్లుగా సీత బొమ్మను ఆడించేదీ, సీతకు పాడేదీ ఆమే. అశోకవనంలో సీత పడే శోకం ఆమె గొంతులో తప్ప ఇంకెక్కడా లేదు, ఎవరూ నేర్చుకోలేదు. కిందటి ఉగాదికి ఆట చూడటానికి పదకొండు మందే వచ్చారు. “చూసేవాళ్లు లేనిచోట సీతమ్మను ఏడిపించను,” అని ఆమె పాట మానేసింది. ఆమెతోపాటే ఆ పాటా పోతుందని అందరికీ తెలుసు. ఆమె ఎంత మొండిదో కూడా తెలుసు కాబట్టి ఎవరూ నోరెత్తలేదు. ఇప్పుడు తమ్ముడు బతిమాలితే, “ఇదే కడసారి,” అంటూ వచ్చింది.

పట్టపగలే కొట్టానికి నాలుగువైపులా దుప్పట్లు కట్టి చీకటి చేసి, తెర వెనక దీపం పెట్టారు. తిప్పన్న ఫోన్ నిలబెట్టాడు. అందులో జావాలోని ఒక ముసలాయన, ఆయన పక్కన ఇంగ్లీషు తెలిసిన మనవరాలు కనిపించారు. ఆయనా బొమ్మలాడించేవాడే. గంగాబాయి సీతను తెరకు ఆనించి పాట ఎత్తుకుంది.

పాట సగంలో ఉండగా తిప్పన్న నాలుక కరుచుకున్నాడు. ఫోన్ పెట్టవలసింది తెర ముందు, జనం కూర్చునే వైపు. బుద్ధెరిగిన నాటినుంచీ తెర వెనకే బతికినవాడు, అలవాటుకొద్దీ వెనకే పెట్టేశాడు. జావావాళ్లకు కనిపిస్తున్నది వెలుగులో మెరిసే సీత కాదు, చెమటలు కక్కుతున్న ముసలామె. అతను సిగ్గుపడి ఫోన్ తీయబోతే గురువు చెయ్యి పట్టుకుని ఆపాడు.

ఫోన్లో ముసలాయన ముందుకు వంగి ఏదో అన్నాడు. మనవరాలు చెప్పిన ఇంగ్లీషును తిప్పన్న తనకు వచ్చినంతలో తెలుగు చేశాడు: “అవ్వా, ఫోన్ తీయొద్దంటాండాడు. వాళ్ల ఊళ్లో శానామంది బొమ్మలాడించే వైపే కూచోని చూస్తారంట. నీ వేళ్లు కొంచెం దగ్గరగా చూపించమంటాండాడు.”

పాట ఆగిపోయింది. “నన్ను చూస్తాండాడా? బొమ్మను గాదా?” అంది గంగాబాయి. కొంగు మొహం మీదికి లాక్కుంది. కాసేపటికి దాన్ని తనే వదిలేసి, పాటను మొదటినుంచీ ఎత్తుకుంది.

ఆ తర్వాత జరిగింది ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. జావా ఆటలోనూ రామాయణం ఉంది; ముసలాయన తన సీతను పైకెత్తాడు. సన్నటి పొడుగు చేతులున్న బొమ్మ అది. ఇద్దరికీ ఒక్క మాట కూడా ఉమ్మడిగా లేదు. ఇక్కడ గంగాబాయి మణికట్టు తిరిగితే, ఒక రెప్పపాటు ఆలస్యంగా అక్కడి సీత తల తిప్పింది. ఈ సీత వంగితే ఆ సీతా వంగింది. శోకం పైస్థాయికి వెళ్లినచోట ఆయన పెదవులు కూడా కదిలాయి. సముద్రం అడ్డం ఉందన్న సంగతి కొట్టంలో అందరూ మరిచిపోయారు. ఇదంతా తిప్పన్న నాకు చెప్పిందే.

పాట అయిపోయాక ఆ పెద్దాయన గంగాబాయికి చేతులు జోడించాడు. ఆమె బొమ్మను ఒళ్లో పెట్టుకుంది. తర్వాత తిప్పన్నతో మెల్లగా, “రేపు గూడా చూస్తాడేమో అడుగు నాయనా,” అంది.

సాయంత్రం తెర విప్పుతూ తిప్పన్న గొణిగాడు: “గురువా, నేనడిగిందానికి నువ్వింకా జవాబు చెప్పలే.”

వెంకోబయ్య ముడి విప్పడం ఆపాడు.

“యాభై ఏండ్లు ఆయమ్మ పక్కనే నిలబడి ఆడించినా. నా కండ్లెప్పుడూ తెర మీదనే. పాడేటప్పుడు మా అక్క మొగం ఎట్లుంటాదో ఈ పొద్దు ఆ ఫోన్లో చూసినా, తిప్పన్నా.”