బూటు మరక

హుస్సేనప్ప ఆకుపచ్చ తలగుడ్డను ఉండచుట్టి చంకలో పెట్టుకుని దర్గాకు వచ్చాడు. గురువు కరీంషా తాత అగరొత్తుల బూడిద ఊడుస్తున్నాడు.

"సామీ, దీన్ని ఏట్లో వదిలేస్తా. సెలవియ్యి."

ఆ దర్గా ఆనవాయితీ అది. శిష్యుడిగా చేర్చుకున్న రోజు తాత తన చేత్తో కట్టే తలగుడ్డ నేలకు తగలకూడదు. తగిలితే ఏట్లో వదిలెయ్యాలి.

హుస్సేనప్పది నేలకు తగలడమేంటి, పోలీసు బూటు కిందే నలిగింది. పోయినేడు గంజాయి ఉందంటూ పోలీసులు బస్టాండులో పట్టుకుని, అందరూ చూస్తుండగా ఒంటిమీద నూలుపోగు లేకుండా చేసి వెతికారు. తీరా దొరికిందేమిటయ్యా అంటే రెండు అగరొత్తుల కట్టలు! ఇక పొమ్మన్నారు. ఎంత సులువుగా అన్నారో!

వకీలు వసుంధరమ్మ ఊరుకోలేదు. ఆ పోలీసుల మీద కేసు వేసింది. ఈ పొద్దే హుస్సేనప్ప బోనెక్కి జరిగింది చెప్పాలి.

"నా చేత కాదు సామీ. ఒకసారి వాళ్ళు విప్పినారు. మళ్ళా నా నోటితో నేనే విప్పుకోవల్లా? చెప్పకపోతే కేసు పోతాదంట. పోనీ!"

తాత చెయ్యి చాచి గుడ్డ తీసుకున్నాడు. దులిపి చూశాడు. బూటు అచ్చు ఇంకా అలాగే ఉంది.

"ఉతకలేదేం రా?"

"ఉతికితే పోతాదా సామీ?"

తాత తన తెల్ల తలపాగా తీసి పక్కన పెట్టాడు. ఆయన బోడితల చూసినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. ఆకుపచ్చ గుడ్డను నింపాదిగా చుట్టుకున్నాడు, మరక సరిగ్గా నుదుటి మీదికి వచ్చేలా.

"అయ్యో సామీ, వద్దు! నాకు పాపం చుట్టుకుంటాది!"

"పద. బస్సు పోతాది."

బస్సులో ఎప్పటిలాగే జనం తాత కాళ్ళకు దండం పెట్టబోయారు. తలెత్తి ఆ నుదురు చూసి వెనక్కి తగ్గారు. హుస్సేనప్ప కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

కోర్టులో తాత ముందు బెంచీ మీద కూర్చున్నాడు. బోనులో హుస్సేనప్ప కటకటాలు పట్టుకుని నిలబడ్డాడే గానీ నోరు పెగల్లేదు. వసుంధరమ్మ రెండుసార్లు అడిగింది. ఆ పోలీసులు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు.

జడ్జిగారి చూపు బెంచీ మీదికి పోయింది.

"పెద్దాయనా, మీ తలగుడ్డ మీద ఆ మరకేమిటి?"

తాత లేచి చేతులు కట్టుకున్నాడు.

"అది చెప్పాల్సినోడు బోనులో ఉన్నాడయ్యా."

హుస్సేనప్ప తాత నుదుటి వంక చూశాడు. కటకటాల మీది చేతులు వదిలేసి నిటారుగా నిలబడ్డాడు.

"మధ్యాహ్నం పూట అయ్యా, బస్టాండులో..." అని మొదలుపెట్టాడు.