నాలుగు దిమ్మల పిల్ల

అనగనగా ఒక ఊళ్ళో, మరీ దూరపు ఊరేం కాదులే, అనకాపల్లి దాటి రెండు వాగులు దిగి ఎక్కితే వచ్చే ఊళ్ళో, బెల్లం వండేవాళ్ళు ఉండేవాళ్ళు. ఆ ఊరి పేరు గానుగపాలెం. చలికాలం వస్తే చాలు, ఊరంతా చెరకు రసం కాగే వాసనే. పెనంలో రసం కాగి కాగి ముదిరేది. ఆ తర్వాత దాన్ని గుంటలో పోసి ఆరబెడితే గుండ్రంగా, చంకనెత్తుకునే బిడ్డంత బరువున్న ముద్ద తయారయ్యేది. దాన్నే బెల్లం దిమ్మ అంటారు. ఊఁ కొడుతున్నావా? కొట్టకపోతే నేను చెప్పనమ్మా.

ఆ ఊళ్ళో ఎర్రునాయుడని ఒకాయన. ఆయన పెళ్ళాం పైడమ్మ. వాళ్ళకి ఒక్కతే కూతురు, నూకరత్నం. దానికి మూడో ఏట పెద్ద జ్వరం వచ్చి కళ్ళు తేలేసింది. అప్పుడు ఎర్రునాయుడు అమ్మవారి ముందు సాగిలపడ్డాడు. "తల్లీ, నా పిల్ల బతికితే, పదకొండో ఏట దాని ఎత్తు బెల్లం తూచి నీకిస్తాను" అని మొక్కుకున్నాడు.

పిల్ల బతికింది. బతకడమేంటి, ఒళ్ళు చేసింది కూడాను. బుగ్గలు పొంగాయి, మణికట్ల మీద మడతలు పడ్డాయి. తండ్రికి ఎంత మురిపెమో! "నా దిమ్మా, నా బెల్లం దిమ్మా" అని భుజం మీద ఎక్కించుకుని ఊరంతా తిప్పేవాడు. "ఒలే దిమ్మా, అన్నం తిందాం రా" అని కేకేస్తే, అది ఎక్కడ ఆడుకుంటున్నా పరిగెత్తుకొచ్చి కంచం ముందు కూర్చునేది. ఆ పిలుపంటే దానికి ప్రాణం.

చూడు అమ్మడూ, మనవాళ్ళ దగ్గర దేనికి మాట కరువైనా ఒంటికి మాట కరువు లేదు. బొద్దుగా ఉందంటే ముద్దు చేస్తున్నట్టు. నిండుగా ఉందంటే గౌరవించినట్టు. లావెక్కిందంటే దెప్పినట్టు. దుక్కలా ఉందన్నారంటే, ఇంక ఆ పిల్ల మొహం ఎవరూ చూడక్కర్లేదన్నట్టు. అదే ఒళ్ళు, అదే పిల్ల. పైగా ఒకే మాట ఒకరి నోట్లో తీపి, ఇంకొకరి నోట్లో విషం. ఇది తెలియక కాదు, పట్టక అంటారు. ఆ పట్టనితనాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సరే, రత్నానికి పదకొండో ఏడు వచ్చింది. అప్పుడు అమ్మవారి పండగ వచ్చింది. గుడి ముందు దూలానికి పెద్ద కాటా వేలాడగట్టారు. ఒక తట్టలో రత్నాన్ని కూర్చోబెట్టారు. కొత్త పరికిణీ, జడనిండా కనకాంబరాలు. మొదట్లో అది నవ్వుతూనే ఉంది. కాళ్ళు ఊపుతూనే ఉంది.

కాటా వేసేవాడి పేరు దేముడు. వాడు ఏళ్ళ తరబడి బెల్లం తూచినవాడు. బెల్లం తూచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. అలా అంటేనే కలిసొస్తుందని మనవాళ్ళ నమ్మకం. సంతంతా వినపడేలా అరవడం వాడికి అలవాటు. మొదటి దిమ్మ పెట్టి "లాభం!" అని అరిచాడు. తట్ట కదల్లేదు. అప్పుడు ఇంకొకటి పెట్టి "రెండు!" అని అరిచాడు. తట్ట కదల్లేదు. ఆ తర్వాత "మూడు!" అన్నాడు. రత్నం కూర్చున్న తట్ట నేలని అంటుకునే ఉంది. ఎర్రునాయుడు తెచ్చినవి మూడే దిమ్మలు.

జనం గొల్లుమన్నారు.

ఎర్రునాయుడికి ఆ నవ్వు నవ్వులాగే వినపడింది. వెటకారమని ఆ మనిషికి తోచనే లేదు. చచ్చి బతికిన పిల్ల కదా, అంత బరువు తూగుతుంటే తండ్రికి పండగే మరి. "మూడు చాల్లేదురోయ్! నా దిమ్మకి నాలుగు దిమ్మలు కావాలి!" అని చేతులెత్తి ఊరందరికీ వినపడేలా అరిచాడు. అరిచి, నాలుగో దిమ్మ కోసం ఇంటికి పరిగెత్తాడు.

ఆయన వెళ్ళి వచ్చేదాకా రత్నం ఆ తట్టలోనే ఉంది. దిగబోతే "దిగకూడదు, మొక్కు చెడిపోతుంది" అన్నారు పెద్దవాళ్ళు. అందరూ చుట్టూ నిలబడి చూస్తున్నారు. "దుక్కలా పెంచాడు" అన్నాడొక ముసలాయన. "రేపు దీన్నెత్తుకునే మొగుడెవడో పాపం" అంది చిన్నమ్మలు అని ఒకావిడ. ఆ మాటకి ఇంకోసారి నవ్వారు. అప్పుడు ముందు వరసలో నిలబడ్డ ఒక పిల్ల, రత్నం ఈడుదే, పేరు వరాలు, చప్పట్లు కొడుతూ పాట కట్టింది.

లాభం దిమ్మ లాగింది,
రెండో దిమ్మ రేగింది,
మూడో దిమ్మ మూలిగింది,
నాలుగో దిమ్మకి ఆగింది!

పిల్లలందరూ అందుకున్నారు. రత్నం కాళ్ళు ఊపడం మానేసింది. పరికిణీని పాదాల దాకా లాక్కుని, వీలైనంత చిన్నగా ముడుచుకుని కూర్చుంది. ఎర్రునాయుడు చెమటలు కక్కుకుంటూ నాలుగో దిమ్మ తెచ్చి పెట్టాడు. కాటా తూగింది. మొక్కు తీరింది. పిల్ల కిందకి దిగింది గానీ, ఎక్కినప్పటి పిల్ల కాదు.

ఆ మర్నాటి నుంచి దాని పేరు పోయింది. బడికి వెళ్తే నాలుగు దిమ్మలు. నీళ్ళకి వెళ్తే నాలుగు దిమ్మలు. కొట్టుకి వెళ్తే, "నాలుగు దిమ్మలకి దారివ్వండి" అని వేళాకోళం. ఎవరికీ దాని మీద పగ లేదు. అనడం సరదాగా ఉంది, అంతే.

ఒకరోజు ఎర్రునాయుడు ఎప్పట్లాగే గుమ్మంలో నిలబడి, "ఒలే దిమ్మా, అన్నం తిందాం రా" అని పిలిచాడు. రత్నం రాలేదు. లోపల మూలన కూర్చుని, "అయ్యా, అలాగ పిలవకు" అంది.

"మరేటని పిలవను?"

"ఏటీ పిలవకు."

ఆయనకి ఏమీ అర్థం కాలేదు. ఆ పూట నుంచి ఆ మాట మానేశాడు. ఎనిమిదేళ్ళు పిలిచిన పిలుపు, దాని బదులు ఇంకోటి ఆయనకి నోరు తిరగలేదు. పిలవాల్సొస్తే దగ్గరికి వెళ్ళి ఊరికే నిలబడేవాడు. అది తలెత్తి చూసేదాకా అలాగే నిలబడేవాడు.

రత్నం కంచం పక్కకి నెట్టడం మొదలెట్టింది. "ఇప్పుడే తిన్నాను" అనేది. "ఆకల్లేదు" అనేది. కొన్నాళ్ళకి ఒళ్ళు తగ్గింది. అప్పుడు ఊళ్ళో ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. "ఓలమ్మ, ఎంత నాజూగ్గా తయారైందో! ఇప్పుడు కదా చూడముచ్చటగా ఉన్నావు" అన్నారు. చాలా రోజుల తర్వాత ఆ పిల్ల నవ్వింది. కొంప మునిగింది ఆ మెచ్చుకోలుతోనే తల్లీ. తినకపోతే మెచ్చుకుంటారని దానికి తెలిసిపోయింది.

ఆ తర్వాత ఇంకా చిక్కిపోయింది. అప్పుడేమన్నారో తెలుసా? "ఏటే, చీపురుపుల్లలా అయిపోయావు? గాలొస్తే ఎగిరిపోతావు" అన్నారు. పాత పేరు మాత్రం వదల్లేదు. పుల్లలా ఉన్న పిల్లని పట్టుకుని నాలుగు దిమ్మలూ అని పిలిస్తే ఇంకా నవ్వొస్తుంది కదా. ఆ ఒంటిని దాని మానాన దాన్ని ఉండనిచ్చే మాట ఒక్కటి కూడా ఆ ఊళ్ళో లేదు.

తల్లి పైడమ్మ, ఇదంతా దిష్టి అనుకుంది. జనంలో కూర్చోబెట్టి తూచాం కదా, అన్ని కళ్ళూ పడ్డాయి అనుకుంది. ఉప్పూ, ఎండుమిరపకాయలూ చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటు రాలేదు. "చూశారా, ఎంత దిష్టో" అని ఏడ్చింది. వరసగా మూడు ఆదివారాలు తీసింది. పిచ్చితల్లి, తగిలింది కళ్ళు కాదు, నోళ్ళు. నోటికి దిష్టి తీసే విద్య ఎవరి దగ్గరుంది?

అప్పుడు డాక్టరు దగ్గరికి బండి కట్టుకుని వెళ్ళారు. ఆయన నాలిక చూశాడు, కళ్ళు చూశాడు, పొట్ట నొక్కాడు. "జబ్బేమీ లేదు. బాగా తినమనండి" అని బలం మందు రాసిచ్చాడు. తినమని చెప్పేవాళ్ళకి తక్కువా? ఊరంతా అదే చెబుతోంది.

ఆ తర్వాత ఎర్రునాయుడు పిల్ల పక్కన కూర్చుని, "నీకేటి కావాలమ్మా? చెప్పు. ఏదడిగితే అది తెస్తాను" అన్నాడు.

రత్నం "ఆ మాట ఊళ్ళో లేకుండా చెయ్యి అయ్యా. అప్పుడు తింటాను" అంది.

పాపం, ఆయన సరేనన్నాడు. తలగుడ్డ చుట్టుకుని బయల్దేరాడు. ఏ పంటో ఎండిపోతే నీళ్ళు పెట్టడం తెలిసిన మనిషి గానీ, ఊళ్ళోంచి ఒక మాటని ఎలా పీకాలో ఆయనకేం తెలుసు?

మొదట దేముడి ఇంటికి వెళ్ళాడు. "నాను పిల్లని ఏటన్నాను బావా? తూచి లెక్క పలికాను. నోటితో పలక్కుండా తూచడం నాకు రాదు" అన్నాడు దేముడు. అది నిజమే. తూచిన రోజు వాడు ఇంకేమీ అనలేదు.

అప్పుడు చిన్నమ్మలు ఇంటికి వెళ్ళాడు. ఆవిడ చేట కింద పెట్టి లేచింది. "ప్రేమగా అన్న మాటకి ఇంత రాద్ధాంతమేటి నాయుడూ? అందరం అన్నాం, నేనొక్కత్తినే అన్నానా? అయినా దాన్ని మొట్టమొదట దిమ్మా అన్నదెవరు? నువ్వు కాదూ?" అంది. ఎర్రునాయుడు ఆ అరుగు మీదే కూలబడ్డాడు. లేవడానికి చాలాసేపు పట్టింది.

ఆ తర్వాత మూడో ఇంటికి వచ్చాడు. ఆ ఇల్లు మాది. అవునమ్మా, మాదే. వరాలంటే నేనే. ఆ పాట కట్టింది మీ అమ్మమ్మే. అలా చూడకు, చెప్పనీ.

నేను వాకిట్లో తొక్కుడుబిళ్ళ ఆడుకుంటున్నాను. కొడతాడేమోనని భయపడ్డాను. కొట్టినా బాగుండేది. అంతటి మనిషి నా ముందు వంగి, రెండు చేతులూ జోడించాడు. "అమ్మా వరాలూ, ఒక్కసారి మా ఇంటికొచ్చి దాన్ని పేరు పెట్టి పిలవమ్మా. నువ్వు పిలిస్తే మిగతా పిల్లలూ పిలుస్తారు" అన్నాడు. పన్నెండేళ్ళ పిల్లకి దండం పెట్టాడమ్మా. ఆ చేతులు నాకింకా కళ్ళముందే ఉన్నాయి.

నేను ఆయన వెనకాలే నడిచాను. దారంతా నూకరత్నం, నూకరత్నం అని లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాను. నాకు నిజంగానే దాన్ని బాగు చెయ్యాలనుంది. నా నోటితో కట్టిన మాటని నా నోటితోనే తీసేద్దామనుకున్నాను.

రత్నం చాప మీద పడుకుని ఉంది. పైడమ్మ పాలగ్లాసు పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. నన్ను చూడగానే రత్నం మోచెయ్యి ఆన్చి లేవబోయింది. నేనెందుకు వచ్చానో దానికి తెలుసు. తండ్రి ముందే చెప్పుంటాడు. కళ్ళు ఇంతింత చేసుకుని నా మొహంకేసి చూసింది.

నేను నోరు తెరిచాను. "నాలుగు దిమ్మలూ, ఎలాగున్నావే?" అన్నాను.

కావాలని కాదమ్మా. ఒట్టు. ఏడాదిపాటు రోజూ అదే మాట అన్న నోరు, దాని దారిన అది అనేసింది. నాలిక కరుచుకున్నాను. వెంటనే "రత్నం, రత్నం" అని పదిసార్లు అన్నాను. ఏం లాభం? అది ఏడవలేదు. నన్ను తిట్టనూ లేదు. "బాగున్నాను" అని చెప్పి, గోడవైపు తిరిగి పడుకుంది. పైడమ్మ చేతిలో పాలు చల్లారిపోయాయి. ఎర్రునాయుడు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

పది రోజులకి రత్నం పోయింది. పోయిందంటే పోయిందమ్మా, మళ్ళీ రాలేదు.

పిల్లని పాడె మీద పెట్టనివ్వలేదు ఎర్రునాయుడు. రెండు చేతుల మీదా తనే ఎత్తుకుని నడిచాడు. ఊరంతా వెనకాల నడిచింది. అప్పుడు అందరూ ఏడ్చారు. అంతవరకూ నవ్విన వాళ్ళే, నిజంగానే ఏడ్చారు. చెరకు తోటల మధ్య దారిలో వెళ్తుంటే వెనకనుంచి ఎవరో, జాలిగానే, "పాపం, బొత్తిగా తేలికైపోయింది" అన్నారు.

ఎర్రునాయుడు ఆగిపోయాడు. వెనక్కి తిరిగాడు. "తేలికేటి? నా కూతురు బరువుగానే ఉంది. నాను మొయ్యనేకపోతన్నాను" అన్నాడు. అని, పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఆ మట్టిదారిలోనే కూర్చుండిపోయాడు. ఎవరికీ దగ్గరికి వెళ్ళే ధైర్యం లేకపోయింది. అంత నోరున్న ఊరు, ఆ ఒక్కనాడు నోరు మూసుకుని నిలబడింది.

కథ వెళ్ళింది కంచికి,
మనం వచ్చాం ఇంటికి,
ఆ పిల్ల రాలేదు వాకిటికి,
మందు దొరకలేదు నా నోటికి.