కుండకు వేసిన లక్క

చిన్న కథ. వక్క నమిలేలోపు అయిపోతుంది. కాకపోతే ముందు ఎర్రగట్టు కోటలో జరిగిన పెళ్లి గురించి చెప్పాలి.

ఆ పెళ్లిలో తనకు ముందుగా గంధం పూయలేదని అడవి అధికారి అలిగాడు. ముందు పూయించుకున్న రేవు అధికారి, మరీ పలచగా పూశారని అలిగాడు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. కోట కాపలా అధికారికి ఆ ఇద్దరితోనూ మాటల్లేవు. కారణం ఆయనకే గుర్తులేదు. భోజనాలు మాత్రం బాగున్నాయట.

అందుకని ఏ కబురైనా ముగ్గురూ ఎవరికి వారే రాసి, లక్క ముద్ర వేసి, నేరుగా రాజుకు పంపేవారు. ఆ ఉత్తరాల సంచి కాపాడేవాడు బొల్లన.

రాజు వేటకు వెళ్లి ఇరవై రోజులైంది. శత్రువులు కోట మీదికి వస్తున్నారని సంతలో ఒకటే గుసగుస. ఎప్పుడో, ఎటునుంచో ఎవరికీ తెలియదు. సంచిలో మూడు ఉత్తరాలున్నాయి. రాజు తప్ప ఎవరు ముద్ర తీసినా తల తీసేస్తారు.

బొల్లనకు అన్నం సయించలేదు. కూర్చుంటే లేచేవాడు, లేస్తే ఎందుకు లేచాడో తెలిసేది కాదు. మూడోరోజు పొద్దున్నే సంచితో సహా గురువు మరుళయ్య మఠానికి పోయాడు.

"అయ్యా, మనసు నిలవడం లేదు. ఏదైనా మంత్రం చెప్పండి."

"ముందు మంచినీళ్లు తాగరా. అయ్యో, కుండ కారిపోతోందే! లక్క ఉందా?"

"నా దగ్గరెక్కడిదయ్యా?"

మరుళయ్య సంచి లాక్కుని, మూడు ముద్రలూ ఊడబెరికి, నిప్పు మీద కరిగించి కుండ చిల్లుకు అద్దాడు.

"అయ్యా! నా తల!"

"అది తర్వాత చూద్దాం. చదువు."

బొల్లన చదివాడు.

రేవు నుంచి: "గొర్రెల కాపరులమంటూ నలభై మంది ఏరు దాటారు. ఒక్క గొర్రె కూడా లేదు. వేరే విశేషాలు లేవు."

అడవి నుంచి: "పొడుగాటి వెదుళ్లు ఎవరో నరుక్కుపోయారు. వేరే విశేషాలు లేవు."

కోట నుంచి: "ఉత్తరపు గోడ దగ్గర కుక్కలు మొరగడం మానేశాయి. ఎవరు మేపుతున్నారో, బాగా ఒళ్లు చేశాయి. వేరే విశేషాలు లేవు."

మూడూ పక్కపక్కన పెట్టుకుని బొల్లన ఇంకోసారి చదివాడు. ‘ఉత్తరపు గోడ’ అన్న మాట మీద వేలు పెట్టాడు.

మరుళయ్య కుండ ఎత్తి అడుగు తడిమి చూశాడు. "లక్క కారేచోట వెయ్యాలిరా," అన్నాడు.

బొల్లన చెప్పులు కూడా వేసుకోకుండా కోటకు పరిగెత్తాడు. ముగ్గురు అధికారులనూ ఒక్కచోట నిలబెట్టి మూడు ఉత్తరాలూ గట్టిగా చదివాడు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఆ పెళ్లి తర్వాత అదే మొదటిసారి. మధ్యాహ్నానికల్లా ఉత్తరపు గోడ నిండా సైనికులు నిలిచారు. నాలుగోనాడు వచ్చిన శత్రువులు వాళ్లను చూసి, నిచ్చెనలు వదిలేసి పారిపోయారు.

రాజు తిరిగొచ్చి అంతా విన్నాడు. ముగ్గురు అధికారులకూ సభలో గంధం పూయించాడు. ముద్రలు తీసినందుకు బొల్లన తల తీయలేదు, కొలువు తీసేశాడు.

అప్పట్నుంచి బొల్లన మఠంలో నీళ్లు మోసేవాడు. అదే కుండ. కారలేదు.