ఊదని నీళ్ళు

ఎదుట మనిషి ఉంటే నిసార్‌కు నాలుక పిడచగట్టుకు పోయేది.

పెన్న ఒడ్డున ఉన్న ఆ చిన్న దర్గాకు గురువారం సాయంత్రం తల్లులు జబ్బు పిల్లల కోసం గ్లాసుల్లో నీళ్ళు తెస్తారు. ఏ కులం వాళ్ళైనా వస్తారు. అక్కడి బాబా గ్లాసు అందుకుని, దువా చదివి, నీళ్ళ మీద ఊది, ఒక మంచి మాట చెప్పి పంపేవాడు. ఆయనకు ఆయాసం ముదిరాక ఆ పని శిష్యుడైన నిసార్‌కు అప్పగించాడు.

నిసార్ ఊదేవాడు. మాట మాత్రం వచ్చేది కాదు. తల వంచుకుని గ్లాసు తిరిగి ఇచ్చేసేవాడు.

"సామి నోరు తెరవడేమి? ఊదేదానికి గాలి దాచుకుంటాండాడేమో" అని గేటు దగ్గర పూలమ్మే కుళ్ళాయమ్మ అంటే అందరూ నవ్వారు. తల్లులూ నవ్వారు.

ఆ రోజు నుంచి అతను ఏటి ఇసుకలో ఒక్కడే నిలబడి మాట్లాడడం సాధన చేశాడు. ఓర్పు గురించి, దేవుడి దయ గురించి. తడబాటు పోయేదాకా చేశాడు.

మళ్ళీ గురువారం మొదట వచ్చింది ఓబులమ్మ. కూతురికి జ్వరం తగ్గడం లేదంది. నిసార్ గ్లాసు అందుకుని, సాధన చేసిన మాటలు మొదలుపెట్టాడు. ఎక్కడా ఆగలేదు. చుట్టూ జనం చేరారు. "ఈ పొద్దు చెరువు తూము ఎత్తినారు" అంది కుళ్ళాయమ్మ. ఈసారి ఎవరూ నవ్వలేదు, తలలూపారు. అతను చెప్పడం ముగించి, గ్లాసు ఓబులమ్మ చేతిలో పెట్టాడు.

ఆమె గ్లాసులోకి ఒకసారి చూసింది. అతని వైపు చూసింది. కొంగు కప్పుకుని వెళ్ళిపోయింది.

తాను నీళ్ళు ఊదలేదని నిసార్‌కు అప్పుడు తట్టింది. ఆమె ఇంకా గేటు దాటలేదు. ఒక్క కేక వేస్తే వెనక్కి వచ్చేది. చుట్టూ అందరూ మెచ్చుకుంటున్నారు. వాళ్ళ ముందు అతనికి నోరు రాలేదు.

మర్నాడు పొద్దున బాబా ముందు కూర్చుని, తల ఎత్తకుండా జరిగింది చెప్పాడు. తనను ఈ పని నుంచి తప్పించమన్నాడు.

బాబా లేచి బావిలో నీళ్ళు చేది, ఒక గ్లాసు అంచుదాకా నింపి అతని చేతికిచ్చాడు.

"ఆమె ఇంటికి తీసుకుపో."

"మీరు ఊది ఇవ్వండి బాబా."

"ఆమె ముందర నువ్వే ఊదు."

"ఏం చెప్పాలి?"

బాబా అప్పటికే లోపలికి వెళ్ళిపోయాడు.

దారి పొడుగునా నిసార్ చెప్పవలసిన మాటలు కూర్చుకోబోయాడు. మాట మీదికి మనసు పోయినప్పుడల్లా గ్లాసు తొణికి చేతులు తడిశాయి. చివరికి మాటలు వదిలేసి నీళ్ళనే చూస్తూ నడిచాడు.

ఓబులమ్మ వాకిట్లో కూతుర్ని ఒళ్ళో వేసుకుని నుదుటి మీద తడిగుడ్డ వేస్తోంది. అతన్ని చూసి లేవబోయింది.

వద్దన్నాడు. గొంతు వణికింది.

"అమ్మా, నిన్న నేను నీళ్ళు ఊదలేదు. నువ్వు పోతుంటే గుర్తొచ్చింది. పిలవలేదు."

ఆమె గుడ్డ పిండి మళ్ళీ పిల్ల నుదుటి మీద వేసింది.

"తెలుసు సామీ. అంత బాగా చెప్తాంటివి. నడుమన ఎట్ల అడిగేదని ఊరుకుంటి."

నిసార్ నేల మీద కూర్చున్నాడు. పిల్ల కళ్ళు తెరిచి చూస్తోంది. నిన్న తాను కనీసం పేరు కూడా అడగలేదు.

"పాప పేరేమి?"

"సుంకులమ్మ. సుంకీ అంటాం."

"సుంకీ" అని పిలిచాడు. పిల్ల అతని వైపు తిరిగింది. దువా చదివి ఊదాడు. ఓబులమ్మ గ్లాసు అందుకుని పిల్లకు ఒక్కో గుక్కా తాగించింది. తర్వాత, జ్వరం ఎప్పుడు పట్టుకుందో, తాను ఎన్ని గడపలు తొక్కిందో అతనికి చెప్పుకొచ్చింది. అతను మధ్యమధ్య అడుగుతూ విన్నాడు. పెద్దాసుపత్రికి తోడు వస్తానన్నాడు.

దర్గాకు తిరిగి వచ్చేసరికి బాబా అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"గొంతు వణికిందా?"

"వణికింది బాబా."

"ఆమెకు వినపడిందా?"

నిసార్ చేతిలోని ఖాళీ గ్లాసు వైపు చూశాడు.

"వినపడింది."

బాబా ఆ గ్లాసు తీసుకుని, కడిగి, వచ్చే గురువారానికని అతను కూర్చునే చోట బోర్లించాడు.