చెరకు ఎరువు తాగిన వ్యాను

అనకాపల్లి బెల్లం మార్కెట్టు వెనక వీధిలో నూకరాజు అనే వ్యాను డ్రైవరు ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, "తెలియదు" అనే మాట మాత్రం చచ్చినా అతని నోట వచ్చేది కాదు. దారి అడిగితే తెలుసు అనేవాడు. వాన వస్తుందా అంటే తెలుసు అనేవాడు. పక్కింటి గేదె పాలెందుకు తగ్గించిందో కూడా తెలుసు అనేవాడు. "మనకి తెలుసు" అని ముందు అనేసి, ఏం తెలుసో తర్వాత తీరిగ్గా ఆలోచించుకునేవాడు.

పన్నెండేళ్లు పాత వ్యాను తోలి, ఆ ఏడాది కొత్తది కొన్నాడు. బండి అప్పగించే రోజున షోరూములో ఉద్యోగం చేసే అమ్మాయి, "ఒక్క అరగంట కూర్చోండి సార్, కొత్త బండి సంగతులు చెబుతాను" అంది. నూకరాజు మీసం దువ్వుకున్నాడు.

"పన్నెండేళ్లు తోలినోడికి నువ్వు బండి నేర్పుతావేటమ్మా?" అని తాళం అందుకుని వచ్చేశాడు. బండితో ఇచ్చిన పుస్తకం ప్లాస్టిక్కు కవరులోనే ఉండిపోయింది. ముందు కట్టాల్సిన నిమ్మకాయ, మిరపకాయలు మాత్రం ఆ రోజే కట్టాడు.

ఆ అమ్మాయి చెప్పాలనుకున్నది ఇదీ. పొగలోని విషం తగ్గడానికి కొత్త డీజిలు బళ్లలో ఇంకో ద్రవం కూడా పోయాలి. డెఫ్ అంటారు, లారీవాళ్లు యూరియా అంటారు. డబ్బాల్లో దొరుకుతుంది. దానికి డీజిలుతో సంబంధం లేని వేరే ట్యాంకు, నీలం మూత ఉంటాయి. అది అయిపోవస్తే డ్రైవరు ఎదుట దీపం వెలుగుతుంది.

కొన్నాళ్లకి దీపం వెలగనే వెలిగింది. ఎవరినైనా అడగొచ్చు. కానీ అడిగితే తెలియదని తెలిసిపోదూ! టీ కొట్టు దగ్గర ఇద్దరు లారీవాళ్లు "కొత్త బళ్లకి యూరియా పోయాలి కదా" అనుకుంటుంటే అతని చెవిన పడింది. మిగతాది వినకుండా, సగం టీ వదిలేసి ఇంటికి పరిగెత్తాడు.

ఇంట్లో చెరకు తోటకి తెచ్చిన యూరియా బస్తా ఉంది. బకెట్టు నిండా నూతి నీళ్లు తోడాడు. నాలుగు దోసిళ్ల యూరియా వేసి కర్రతో కలిపాడు. పాత చీర ముక్కతో వడకట్టాడు. భార్య అప్పయ్యమ్మ చాట పక్కన పెట్టి అతని వంక చూసింది.

"ఎవరినైనా అడిగేవా?"

"అడగడానికేటుంది? చెరకుకేస్తే చెరకుకి బలం, బండికేస్తే బండికి బలం. మనకి తెలుసు" అని నీలం మూత తిప్పి బకెట్టంతా పోసేశాడు. దీపం ఆరిపోయింది. "చూసేవా?" అన్నాడు. అప్పయ్యమ్మ మళ్లీ చాట అందుకుంది.

మర్నాటికి దీపం తిరిగి వచ్చింది. ఈసారి పక్కన ఒక అంకె కూడా ఉంది. బండి నడిచేకొద్దీ ఆ అంకె తగ్గుతోంది. నూకరాజు దానివైపు చూడడం మానేశాడు.

బెల్లం మార్కెట్టులో దిమ్మలకి గడ్డి చుట్టే ఆడవాళ్లు పన్నెండు మంది కోలాటం ఆడేవారు. వాళ్లకి పెద్ద వరహాలమ్మ, అరవై ఏళ్ల మనిషి. పని అయ్యాక రోజూ మార్కెట్టు వాకిట్లోనే సాధన చేసేవారు. కిందటేడు కాకినాడ పోటీకి బయల్దేరితే, బస్సు దారిలో ఆగిపోయి వేదిక ఎక్కకుండానే తిరిగి వచ్చారు. పేరు పిలిచినప్పుడు లేకపోతే జాబితాలోంచి కొట్టేస్తారు, అదీ నిబంధన. ఆ రాత్రి వరహాలమ్మ కోలలు గుడ్డలో చుట్టి అటక మీద పడేసింది. మళ్లీ ఆమె చేత వాటిని దింపించడానికి మిగతావాళ్లకి ఆరు నెలలు పట్టింది. ఈసారి పోటీ సాయంత్రం నాలుగింటికి. ఈసారి కూడా తప్పితే ఇక కోలలు పట్టనని ఆమె ముందే చెప్పేసింది.

"కాకినాడ నేను తీసుకెళ్తాను పిన్నీ. కొత్త బండి!" అన్నాడు నూకరాజు.

ఉదయం పదకొండింటికి బయల్దేరారు. పాటలు, వేళాకోళాలు, బెల్లం వాసన. వ్యాను పెళ్లివారి ఇల్లులా ఉంది. ముందు సీట్లో కూర్చున్న వరహాలమ్మ చూపు ఆ అంకె మీద పడింది.

"ఇదేట్రా, తగ్గిపోతంది?"

"అదా? కాకినాడ ఇంకెంత దూరముందో చూపిస్తది. మనకి తెలుసు."

ఆమె కిటికీలోంచి రోడ్డు పక్క రాయి చదివింది. "రాయి మీద తొంభై ఉంది. ఇక్కడ నలభయ్యే ఉందేటి?"

"కొత్త బండి కదా పిన్నీ. దానికి దగ్గర దారి తెలుసు."

వెనకాల ఆడవాళ్లందరూ ఫక్కున నవ్వారు. వరహాలమ్మ మాత్రం నవ్వలేదు.

తుని దాటేవేళకి ఆకలి వేసి, రోడ్డు పక్క హోటలు దగ్గర ఆపారు. అప్పటికి అంకె సున్నాకి వచ్చింది. "కాకినాడ వచ్చీసిందేట్రా?" అంది వరహాలమ్మ దిగుతూ. నూకరాజు వినిపించుకోనట్టు ఇంజను ఆపాడు. ఇడ్లీలు తిని వచ్చి తాళం తిప్పాడు. బండి ఉలకలేదు, పలకలేదు. మళ్లీ తిప్పాడు. అదే వరస.

బానెట్టు ఎత్తాడు. బ్యాటరీ తీగలు తుడిచాడు. టైరు తన్నాడు. టైరుకీ దీనికీ ఏం సంబంధమని అడక్కండి, తెలిసినవాడు కదా, తన్నాడు. అలా అరగంట గడిచింది. పక్కనే ఖాళీ లారీ ఆపుకుని భోజనం చేసిన డ్రైవరు పోలినాయుడు చేతులు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు.

"ఏటైంది తమ్ముడూ?"

"ఏటీ లేదన్నా. వేడెక్కింది. మనకి తెలుసు."

"సరే అయితే" అని పోలినాయుడు వెనక్కి తిరిగి లారీ ఎక్కాడు.

వరహాలమ్మ చేతిలోని కోలలు ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. ఆమె తిట్టలేదు. కళ్లలో నీళ్లు మాత్రం తిరిగాయి.

"నూకరాజూ! మా కోలాటంలో అడుగు మర్చిపోతే పక్కదాన్ని చూసి కలుపుకుంటాం. అందులో సిగ్గేటీ లేదు. మర్చిపోలేదని మొండికేసి కోల విసిరితేనే ముప్పు. అప్పుడు పగిలేవి మన వేళ్లు కావురా, పక్కదాని వేళ్లు."

నూకరాజు పన్నెండు మంది మొహాలూ చూశాడు. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. అప్పటికే లారీ కదిలింది. అతను చెప్పులు వదిలేసి దాని వెంట పరిగెత్తాడు.

"అన్నా! ఆగన్నా! నాకు తెలీదు! బండికేటైందో నాకు తెలీదు!"

లారీ ఆగింది.

పోలినాయుడు దిగి వచ్చి ఆ దీపం చూశాడు. "నీలం మూతలో ఏం పోసేవు?"

"యూరియా."

"డబ్బాలోదా?"

"కాదన్నా. బస్తాలోది. చెరకుది. నూతి నీళ్లలో కలిపి, చీర ముక్కతో వడకట్టి పోసీసేను."

పోలినాయుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. చివరికి కళ్లు తుడుచుకుని అన్నాడు: "డబ్బాలో వచ్చేది మందు లాంటిది తమ్ముడూ. శుద్ధి చేసిన నీళ్లు, శుభ్రమైన యూరియా, సరైన కొలత. నీ ఎరువులో మట్టి, నీ నూతి నీళ్లలో ఉప్పు. అది గొట్టాల్లో గడ్డకట్టేస్తది. వేరేదేదో పోసేవని బండి కనిపెట్టీసింది. ఇన్ని కిలోమీటర్లే నడుస్తానని అంకె చూపించి మరీ చెప్పింది. నువ్వు వినలేదు. ఇంకా నయం, డీజిలు ట్యాంకులో పోయలేదు. ఇంజనే పోయేది."

"అయితే ఇప్పుడేటి దారన్నా?" అని అడిగాడు నూకరాజు. అడగడం అంత కష్టమేమీ కాదని అతనికి అప్పుడే తెలిసింది.

పోలినాయుడు తునిలో తనకి తెలిసిన మెకానిక్కుకి ఫోను చేశాడు. ట్యాంకు దింపి కడగాలి, సాయంత్రమవుతుంది. ఆడవాళ్ల సంగతి తేలిక. ఆయన లారీ ఎటూ కాకినాడకే ఖాళీగా వెళుతోంది. వెనక తలుపు దించి, "ఎక్కండమ్మా" అన్నాడు. పన్నెండు మందీ ఒకరికొకరు చెయ్యి అందించుకుని ఎక్కారు. లారీ కదిలేసరికి పాట కూడా అందుకున్నారు. నూకరాజు రోడ్డు మీద నిలబడి, ఆ పాట వినపడినంతసేపూ చూస్తూ ఉండిపోయాడు.

మెకానిక్కు వచ్చి బండి విప్పాక నూకరాజు అతని పక్కనే కూర్చుని ఇరవై ప్రశ్నలు అడిగాడు. అతను ట్యాంకు కడిగి, గొట్టాలు శుభ్రం చేశాక, డబ్బా ద్రవాన్ని నూకరాజు తన చేత్తోనే పోశాడు. ఒక్క చుక్క ఒలికితే తడిగుడ్డతో తుడిచాడు. దారి పొడుగునా అడుగుతూ అడుగుతూ కాకినాడ చేరాడు.

ఆడవాళ్లు వేదిక పక్కనే గుంపుగా కూర్చుని మరమరాలు తింటున్నారు. వాళ్ల పేరు పిలుస్తుండగా లారీ గేటు దగ్గర ఆగిందట. పరిగెత్తుకుంటూ వెళ్లి ఆడారట. రెండో బహుమతి వచ్చింది. వరహాలమ్మ మెడలో దండ ఉంది. పోలినాయుడికి ఒక బెల్లం దిమ్మ ఇచ్చి పంపారు.

"ఏరా, బండి బాగైందా?" అని ఆమె ముందు సీట్లోకి ఎక్కింది. మిగతావాళ్లు వెనక ఎక్కారు. అద్దం కింద ఆకుపచ్చగా ఏదో చిన్న దీపం వెలుగుతోంది. "ఇదేటి మళ్లీ?"

పన్నెండు మందీ నూకరాజు జవాబు కోసం మెడలు చాచారు.

"తెలీదు పిన్నీ" అన్నాడు నూకరాజు. "ఉండు, చూసి చెప్తాను." పుస్తకం బయటికి తీసి, ప్లాస్టిక్కు కవరు పళ్లతో చింపాడు. వెనకాల కోలలన్నీ ఒక్కసారి టకటకా మోగాయి.

నీతి: తెలియనిది తెలియదని అడిగితే పోయేది మన బింకమే, తెలియకుండా తెలుసని బొంకితే మనల్ని నమ్మి బండెక్కినవాళ్లంతా నడిరోడ్డున నిలబడతారు.